మొగలమ్మ దిబ్బకు కొలత

తొంభై ఒకటి ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి సికింద్రాబాదులో బండి ఎక్కి తెనాలి బయలుదేరాను. సెలవు చీటీలో 'సొంత పని' అని రాశాను. అది అబద్ధం కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసు పనిగా చేసిన ఒక తప్పు ఆ వారం నా సొంత పని అయింది.

సాంఘిక శాస్త్రాల్లో పరిశోధనలకు ప్రభుత్వ గ్రాంట్లు ఇచ్చే కార్యాలయంలో నేను అధికారిని. దరఖాస్తులు చదవటం, నిపుణుల అభిప్రాయం తెప్పించటం, నివేదిక వచ్చాక అది తృప్తికరంగా ఉందని నోటు రాసి రెండో విడత విడుదల చేయించటం నా ఉద్యోగం. ఆఫీసు బయట ఇంకో పని ఉండేది. చేతబడి, ముహూర్తాలు, పూనకాలు, వీటి మీద వేదికలెక్కి వాదించేవాణ్ణి, పత్రికల్లో రాసేవాణ్ణి. నాస్తికుణ్ణి. ఇప్పటికీ నాస్తికుణ్ణే. రెండు పనులకూ ఒకే కలం వాడాను.

ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం. రేపల్లెకు దక్షిణాన, సముద్రం పక్కన ఉన్న మొగలిపాలెం అనే చిన్న పల్లె నుంచి యేసుపాదం అనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు రాశాడు. "మా ఊరికి రెండో తుపాను షెల్టరు మంజూరైంది. మొదటిది పల్లంలో కట్టారు. ఇదైనా మొగలమ్మ దిబ్బ మీద కట్టమని అడుగుతున్నాము. దిబ్బ మునగదనటానికి కాగితం ఏదైనా ఉందా అంటున్నారు. సోమవారం గుంటూరులో కమిటీ కూర్చుని స్థలం ఖాయం చేస్తుంది. మీ గ్రాంటుతో మేడం గారు రాసిన పుస్తకంలో దిబ్బ సంగతి ఉన్నదని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతున్నారు. ఆ పేజీలు దయచేసి పంపగలరు."

రికార్డు గదిలో నివేదిక దొరికింది. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత తీరగ్రామాల మీద ఎస్తేరు రాణి అనే లెక్చరర్ చేసిన అధ్యయనం అది. అందులో దిబ్బ లేదు. ఫైలు తిరగేస్తే నా నోటు కనపడింది. "నాలుగో అధ్యాయం అమ్మవారి మహిమలతో నిండి ఉన్నది. ప్రభుత్వ ధనంతో మూఢనమ్మకాల ప్రచారం తగదు. ఆ అధ్యాయం తొలగించి తిరిగి సమర్పించిన మీదటే రెండో విడత విడుదల చేయవచ్చును." కింద నా సంతకం. మేము దిద్దిన ప్రతిని రాసినవారికే తిప్పి పంపటం మా పద్ధతి. కాబట్టి ఆ అధ్యాయం ఎక్కడైనా మిగిలి ఉంటే ఆవిడ దగ్గరే ఉండాలి. సోమవారం లోపల ఉత్తరాలతో తేలే వ్యవహారం కాదు. శనివారం వస్తున్నానని యేసుపాదానికి టెలిగ్రాం ఇచ్చి బయలుదేరాను.

శుక్రవారం ఉదయం అయిదూ నలభైకి తెనాలిలో దిగాను. వెయిటింగు రూములో స్నానం చేసి, స్టేషను బయట ఇడ్లీ తిని, రిక్షా మాట్లాడుకుని ఫైల్లో ఉన్న చిరునామాకు వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. లెక్చరరు గారు ఎటు బదిలీ అయ్యారో వాళ్ళకు తెలియదు. నివేదిక వెనక అట్ట మీద టైపు ఇన్‌స్టిట్యూటు ముద్ర ఒకటి ఉండటం నా అదృష్టం. తొమ్మిదింటికి అది తెరిచేసరికి గుమ్మం ముందు నిలబడి ఉన్నాను.

నడిపే ఆయన పేరు మస్తాన్. అరవై దాటిన మనిషి. మిషన్ల మీది గుడ్డలు ఒక్కొక్కటే తీసి మడత పెడుతూ మాట్లాడాడు.

"ఎస్తేరమ్మ గారాండి? బాపట్లలో ఉన్నారుగా. ఆ రిపోర్టు నేనే కొట్టానండి. రెండుసార్లు కొట్టా."

"రెండుసార్లెందుకండి?"

"హైదరాబాదులో పెద్దాఫీసరు ఎవరో మధ్యలో పద్నాలుగు పేజీలు పీకెయ్యమన్నాడంట. పీకేస్తే అయిపోద్దా? వెనకాల పేజీల నంబర్లన్నీ మార్చాలి. పట్టికల నంబర్లు మార్చాలి. ఆ మహానుభావుడికి టైపు మిషను ముందు ఒక్కపూట కూర్చుంటే తెలిసేది." నవ్వి, టీ తెప్పించాడు. "మీరు ఏ కాలేజీ అండి?"

కాలేజీ కాదని మాత్రం అన్నాను. ఆ మహానుభావుణ్ణి నేనేనని చెప్పలేదు. ఆయన టీ తాగి, చిరునామా రాయించుకుని, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఊరూరా నిజం చెప్పమని బోధించినవాణ్ణి, ఇంత చిన్న నిజం దగ్గర జంకాను.

పదకొండుంబావు పాసింజరులో బాపట్ల. ఎదురు సీట్లో చీరాల నుంచి నూలు పనికి తిరిగే ఆయన కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటేలోపు నా వివరాలన్నీ లాగాడు.

"పరిశోధనలకు గ్రాంట్లిస్తారా? అంటే మందులు కనిపెట్టే వాళ్ళకా?"

"మందులు కాదండి. మనుషుల గురించి."

"మనుషుల గురించి కనిపెట్టేదేముందండి? అడిగితే చెప్తారుగా."

పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. మామూలు రోజయితే ఆయనకు గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

బాపట్లలో స్టేషను దగ్గర మెస్సులో భోజనం చేసి, మూడున్నరకు ఎస్తేరు రాణి గారి కాలేజీకి వెళ్ళాను. క్లాసు నుంచి వస్తూ స్టాఫు గది గుమ్మంలో కనపడ్డారు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది. పేరు చెప్పాను.

"మీరాండి," అన్నారు. "మీ సంతకం బాగా తెలుసు. మనిషిని చూడటం ఇదే."

వచ్చిన పని చెప్పి, ఉత్తరం చూపించాను. నిలబడే చదివారు. రెండోసారి చదివారు.

"షెల్టరు పల్లంలో కట్టారా?"

"కట్టారటండి."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "ఒక మాట అడగనా సార్? నేను మొగలమ్మని నమ్మి ఆ అధ్యాయం రాశాననుకున్నారా?" అన్నారు.

ఆవిడ ఉత్తరం తిరిగి నా చేతికిచ్చారు.

"మాది లూథరన్ చర్చి. ఆదివారం పిల్లలకి బైబిలు పాఠం చెప్తాను. ఆ దిబ్బ మీదున్న రాయికి నేనెప్పుడూ దణ్ణం పెట్టలేదు. వాళ్ళు చెప్పారు, నేను రాశాను. అదే నా పని అనుకున్నా."

"అప్పుడే నాతో వాదించి ఉండాల్సిందండి."

"ఎట్టా వాదిస్తానండి? తీసేస్తేనే రెండో విడత అని రాశారు. నాతోపాటు ఊళ్ళు తిరిగిన ఇద్దరమ్మాయిలు జీతం కోసం ఎదురుచూస్తున్నారు. మీరు వాదన పెట్టలేదు సార్. షరతు పెట్టారు."

ఆ తర్వాత ఆవిడ మరే గ్రాంటుకూ దరఖాస్తు చేయలేదని మా రిజిస్టర్లు చెబుతాయి. కారణం అడిగాను. "పెట్టబుద్ధి కాలేదండి," అన్నారు.

సాయంత్రం అయిదున్నరకు వాళ్ళ ఇంటికి వెళితే బీరువా అడుగు నుంచి కాగితాలు తీసి ఇచ్చారు. "అసలుదే తీసుకుపొండి. కాకపోతే కమిటీ వాళ్ళు ముందు చదివేది మీ ఎర్ర సిరానే," అన్నారు.

బస్టాండు ఎదురుగా ఒక లాడ్జిలో గది తీసుకుని, దీపాలు పెట్టే వేళకు ఆ పద్నాలుగు పేజీలు చదివాను. ఒప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, మొత్తం చదవటం అదే మొదటిసారి. మూడో పేజీ దాకా నా వ్యాఖ్యలు ఉన్నాయి. 'మహిమలు', 'కాలక్షేపం', 'ఆధారం ఏది?' నాలుగో పేజీ నుంచి ఒక్క మాట లేదు. పేజీకొక అడ్డగీత ఉంది, అంతే. అంటే అక్కడ చదవటం ఆపేశాను. అమ్మవారి కథ మూడు పేజీలే. మిగతా పదకొండు పేజీల్లో ఉప్పెన రాత్రి ఎవరు ఏ దారిన నడిచారు, కాలవ గట్టు ఎంతవరకు తేలి ఉంది, ఏ గుడిసె దగ్గర నీళ్ళు నడుముకు వచ్చాయి, దిబ్బ మీద ఎక్కడ ఆగాయి, అన్నీ ఉన్నాయి. పోలమ్మ అనే ఆవిడ మాటలు ఆమె యాసలోనే ఉన్నాయి. "అమ్మ పాదం తడవలా. నీళ్ళు ఆడిదాకా వచ్చి ఆగినయి. దిబ్బ ఎక్కినోళ్ళం అందరం బతికాం." ఆధారం ఏదని నేను రాసిన చోటు నుంచి ఒక్క పేజీ తిప్పితే ఆధారం ఉంది.

శనివారం ఉదయం ఆరుంబావు బస్సు. చెరుకుపల్లి మీదుగా రేపల్లె చేరేసరికి తొమ్మిది కావస్తోంది. యేసుపాదం మాస్టారు బస్టాండులో గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"నమస్కారమండి సార్. మీరే వస్తారనుకోలేదండి. పోస్టులో పడేస్తారనుకున్నా."

టిఫిన్ అయ్యాక మొగలిపాలెం వైపు వెళ్ళే బస్సెక్కాం. గంట ప్రయాణం. అది ఆగిన చోటు నుంచి మైలున్నర నడక. ఎవరైనా వెళ్ళదలిస్తే తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, అక్కడి బావుల్లో ఉప్పు తగులుతుంది. దారిలోనే షెల్టరు వచ్చింది. స్తంభాల మీద నిలబెట్టిన కాంక్రీటు కట్టడం, బలంగానే ఉంది. దాని ముందు రోడ్డు బాగా దిగి, తూము దాటి, మళ్ళీ లేస్తుంది.

"జీపు ఇక్కడిదాకా వచ్చిద్దండి," అన్నాడు మాస్టారు. "అందుకని ఇక్కడ కట్టారు. తొంభై మేలో తుపానొచ్చినప్పుడు షెల్టరుకి ఏం కాలా. లోపలికి చేరినోళ్ళందరూ క్షేమం. చేరటమే కష్టమైందండి. ముందు మునిగింది ఈ పల్లమే."

పోలమ్మ తన ఇంటి ముందు పట్టా పరిచి మెత్తళ్ళు ఎండబోస్తోంది. డెబ్బై ఏళ్ళుంటాయి. మాస్టారు నన్ను హైదరాబాదు నుంచి వచ్చిన సారని చెప్పాడు. ఆమె చేతులు దులుపుకుని నులకమంచం చూపించింది.

"మేడం గారు బాగుందా?" అని అడిగింది. "మంచి మనిషి. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మళ్ళీ చదివి ఇనిపించింది కూడా."

తుపాను నాడు ఏం జరిగిందని అడిగాను.

"ఏముందయ్యా. జీపులో వచ్చి అందరూ షెల్టరుకి పొండని మైకులో చెప్పారు. పోయాం. తూము కాడికెళ్ళేసరికి నీళ్ళు గుండెల దాకా ఉండాయి. మా రాములు, నా కొడుకు, నన్ను వీపునేసుకుని దాటించాడు. మెట్ల మీద దింపి వాళ్ళ నాన్న కోసం మళ్ళీ పోయాడు. ఇద్దరూ రాలా."

చేపలు చూస్తూనే చెప్పింది. ఒకటి రెండు ఏరి పక్కన పడేసింది.

"దిబ్బ మీదికి ఎందుకు పోలేదమ్మా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను. అడగటానికే వచ్చాను.

"అది మేం మేడానికి చెప్పాంగా, దిబ్బ మునగదని. ఆమె రాసి గవర్నమెంటుకి పంపిందిగా. మేం చెప్పింది మొత్తం ఇని కూడా వాళ్ళు ఈడ కట్టారంటే, మాకంటే వాళ్ళకి ఎక్కువ తెలిసే కట్టుంటారు అనుకున్నాం. రాములు అదే అన్నాడు. 'ముసలోళ్ళ మాటలు కాదమ్మా, సదువుకున్నోళ్ళు లెక్కేసి కట్టారు, పద' అన్నాడు."

నేను ఎందరో పండితులతో వాదించాను. రాములు తర్కంలో తప్పు పట్టలేకపోయాను. చదువుకున్నవాళ్ళు లెక్క వేసి ఉంటారని నమ్మటం సరైన నమ్మకమే. నేనే ఊరూరా తిరిగి ప్రచారం చేసిన నమ్మకం అది. అతను దిబ్బను వదిలి దాన్ని నమ్మాడు.

తెనాలిలో దాచినట్టు ఇక్కడ దాచలేకపోయాను. "అమ్మా, ఆ కాగితాలు గవర్నమెంటుకు అందలేదు. మధ్యలో తీసేయించింది నేను," అన్నాను.

మాస్టారు తల దించుకున్నాడు. పోలమ్మ మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఎందుకయ్యా?"

"అందులో అమ్మవారి మాట ఉందని."

ఆమెలో కోపం ఏమీ కనపడలేదు. అర్థం చేసుకోవటానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది.

"అమ్మని తీసేసి దిబ్బని ఉంచొచ్చుగా?" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. చాటలో మెత్తళ్ళు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. మేము కొంతసేపు కూర్చుని లేచాం.

పదకొండున్నర అయింది. చర్చి అరుగు కడుతున్న దావీదు మేస్త్రిని మాస్టారు పిలుచుకొచ్చాడు. మేస్త్రి దగ్గర ఇళ్ళ పునాదులకు మట్టం చూసుకునే ప్లాస్టిక్ గొట్టం ఉంది. అందులో నీళ్ళు నింపి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి. పుల్లలు పాతుకుంటూ, గుర్తులు పెట్టుకుంటూ, షెల్టరు మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఊరి పక్కగా పోయే కాలవ గట్టు మీదుగా దిబ్బ దాకా కొలిచాం. ఒక కొస నేను పట్టుకున్నాను. "కదలబాకండి సార్, నీళ్ళు ఊగుతున్నయి," అని మేస్త్రి రెండుసార్లు కసిరాడు. రెండు గంటలు పట్టింది. దారి పొడుగునా గట్టు ఎక్కడా దిగలేదు. దిబ్బ నెత్తి షెల్టరు కింది నేల కన్నా ఒక మనిషి నిలువెత్తున ఉంది.

మొగలి పొదల మధ్య పసుపు రాసిన రాయి ఒకటి ఉంది. దానికి నేను దణ్ణం పెట్టలేదు. దాని పక్కన కూర్చుని, ముప్పై ఏళ్ళుగా నేను పూజించిన విజ్ఞానానికి ఇక్కడ కావలసిందేమిటా అని ఆలోచించాను. ఒక మేస్త్రి, ఒక గొట్టం, రెండు చెంబుల నీళ్ళు. అప్పుడు నా నోటులో 'తొలగించి' అన్న చోట 'కొలిపించి' అని రాసి ఉంటే సరిపోయేది. అమ్మవారు ఉందా లేదా అన్నదే నేను అడిగిన ప్రశ్న. నేల ఎత్తా పల్లమా అని అడగాలని తోచలేదు. నమ్మకపోవటం నా తప్పు కాదని ఇప్పటికీ అంటాను. చదవకపోవటం, కొలవకపోవటం తప్పు. హేతువాదినని చెప్పుకునేవాడికి అంతకన్నా పెద్ద తప్పు లేదు.

బడిలో కూర్చుని, అధ్యాయం చివరి పేజీలో నా పాత అడ్డగీత కింద కొత్త నోటు రాశాను. అధ్యాయాన్ని చదవకుండా తొలగించమన్నానని, ఆ ఆదేశం తప్పని, అందులోని సాక్ష్యాన్ని కొలత బలపరుస్తోందని రాసి, కొలతలు వేసి, హోదాతో సహా సంతకం చేశాను. మేస్త్రి వేలిముద్ర వేస్తానని ముందుకు వచ్చాడు. వేయించాను. రాములు, అతని తండ్రి సంగతి ఎక్కడ రాయాలో తెలియలేదు. మేము అలవాటు పడిన నోట్లలో అటువంటివాటికి చోటు ఉండదు. అయినా చివర ఒక వాక్యంగా రాశాను. కాగితాలు మాస్టారు చేతిలో పెట్టాను.

ఇప్పుడు ఆ వైపు వెళ్ళేవారికి దిబ్బ మీద షెల్టరు కనపడుతుంది. కమిటీ ఒప్పుకుందని మాస్టారు నెల తర్వాత ఉత్తరం రాశాడు. రాసింది ఎస్తేరు రాణి గారికి, ఒక ప్రతి నాకు. అదే సరైన వరస. నా మీద ఆఫీసులో విచారణ ఏమీ జరగలేదు. నోటులో ఉన్న తప్పు ఎవరి కంటా పడలేదు, పడినా నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. మూఢనమ్మకాల మీద రాయటం నేను మానలేదు. సభల్లో ఎదుటివాడు కథ మొదలుపెట్టినప్పుడు మాత్రం అడ్డు తగలటం మానేశాను.

ఆ శనివారం సాయంత్రం అయిదున్నరకు రేపల్లెలో తెనాలి పాసింజరు ఎక్కాను. పెట్టె సగం ఖాళీ. చేలల్లో కోత అయిపోయి మినుము మొక్కలు పచ్చగా ఉన్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన తెనాలి ఆసుపత్రిలో కూతురి దగ్గరికి క్యారియరు తీసుకెళుతున్నాడు. కాసేపటికి పలకరించాడు.

"మా వైపు ఏం పని మీద వచ్చారండి?"

"ఒక తప్పు దిద్దుదామని వచ్చానండి."

"గవర్నమెంటు పనా?"

"అవునండి."

"దిద్దారా మరి?"

"కాగితం మీద దిద్దానండి."

"ఇంకేమండి," అన్నాడు ఆయన తృప్తిగా, క్యారియరు ఒళ్ళోకి సర్దుకుంటూ. "గవర్నమెంటు వాళ్ళకి కావాల్సింది అదేగా."